చేతులు వచ్చినవి, మనసు రాలేదు



గడచిన నెలలో నాకొక లేఖ వచ్చినది. వ్రాసిన సోదరి కోస్తా ప్రాంతమున నొక చిన్న పట్టణమునందు పొదుపు సంఘమునకు నాయకురాలు. ఆ సంఘమువారు బ్యాంకు ఋణముతో ఎనిమిది కుట్టుమిషనులు కొని, బడిపిల్లల దుస్తులు కుట్టు పని చేపట్టినారట. పదునొకండుగురు స్త్రీలు అందు పని చేయుచున్నారు. ఆమె యిట్లు వ్రాసినది: "అమ్మా, అందఱును వేళకు వత్తురు, వేళకు పోదురు. కూలి యిచ్చుచునే యున్నాను. అయినను వారి చేతులు వచ్చినవి గాని మనసులు రాలేదు. చొక్కాకు కాజా తప్పుచోట పడినచో చూచినవారు సైతము పలుకరు. ఈ పని యంతయు నా యొక్కదాని తలమీదనే యున్నట్లున్నది. పని తమదని వారికి తోచునట్లు చేయుట యెట్లు?"

ఈ ప్రశ్న ఆమె యొక్కతెదే కాదు. నేడు మన స్త్రీలు ఎందఱో నలుగురిచేత పని చేయించు స్థానమున నున్నారు. ఒకరు బ్యాంకు శాఖకు అధికారిణి, ఒకరు ఆసుపత్రిలో నర్సులకు పెద్ద, ఒకరు హైదరాబాదున కంప్యూటరు పనిలో పదిమందికి నాయకురాలు. పని వేఱైనను చిక్కు ఒక్కటే. నేను కార్యాలయములలో పని చేసినదానను గాను. మా తండ్రిగారి యొద్ద ఇంటనే నాలుగు గ్రంథములు చదువుకొని, బడిపంతులుగారి యింట కాపురమునకు వచ్చినదానను. అయినను ఈ విషయమున నేనొక తప్పు చేసి, దాని ఫలమనుభవించి, కొంత నేర్చుకొంటిని. అది చెప్పుటకు ముందు మఱి రెండు మూడు మాటలు చెప్పవలసి యున్నది.

మొదట ఆ లేఖలోని ఒక్క వాక్యమును పట్టుకొందము. తప్పు చూచినవారు సైతము పలుకుట లేదని ఆ సోదరి వ్రాసినది. నా తలపున వ్యాధి యంతయు ఈ వాక్యముననే యున్నది. మనసు పెట్టి పని చేయుట యనగా చిఱునవ్వుతో వచ్చుట కాదు, ప్రొద్దుపోవువఱకు కూర్చుండుటయు కాదు. తన కంటబడిన లోపమును తనదిగా నెంచి, నోరు విప్పి చెప్పుట. ఇంటిలో పాలు పొంగుచుండగా పొయ్యి యెవరు వెలిగించిరని మనమడుగము. దగ్గఱ నున్నవారు పరుగెత్తి దింపుదురు. ఆ యిల్లు తమదను భావము వారిని పరుగెత్తించును. పొరుగింట పాలు పొంగినచో "ఏమండీ" యని యొక కేక వేయుటకు గూడ కొందఱు జంకుదురు. చెప్పినచో ఏమనుకొందురో యను సంకోచము వారి కాలిని పట్టును.

మా వారు తఱచుగా ఒక మాట చెప్పుచుందురు. తరగతిలో పాఠము ముగించి "అర్థము కానివారెవరు?" అని యడిగినచో ఒక్క చేయియు లేవదట. అందఱికిని అర్థమైనదని సంతసించువాడు క్రొత్త పంతులు. ముందొకనాడు చేయి యెత్తిన పిల్లవానికి దక్కిన సమాధానమెట్టిదో జ్ఞాపకము చేసికొనువాడు అనుభవము గల పంతులు. పనిచోటనున్న మౌనమును గూడ ఇట్లే చదువవలెను. పలుకనివారికి పనిమీద ప్రేమ లేదని తీర్మానించుటకు ముందు, పలికినవారికి మన యొద్ద ఏమి జరిగినదో ఆలోచింపవలెను.

ఇక పెద్దల మాట. భారతమున సభాపర్వమునందు నారదుడు ధర్మరాజు కొలువునకు వచ్చి రాజ్యము నడపు తీరునుగూర్చి వరుసగా ప్రశ్నలు వేయును. అందు నాకు మిక్కిలి నచ్చినవి మూడు. సేనకు అన్నమును జీతమును తగిన కాలమున తప్పక యిచ్చుచున్నావా యనునది యొకటి. తన ప్రయత్నముచేత పనికి శోభ తెచ్చినవానికి అధికమైన గౌరవమో, హెచ్చు జీతమో లభించుచున్నదా యనునది రెండవది. నీకొఱకు ప్రాణములు విడిచినవారి భార్యలను పోషించుచున్నావా యనునది మూడవది. భక్తి చూపుడని సేవకులకు బోధించుచున్నావా యని నారదుడడుగలేదు. ముందు రాజు నిలువవలసిన కట్టుబాటు నడిగెను. తిండి జీతములు ఆలస్యమైనచో సేవకులు కష్టపడి యజమానునిపై కినుక వహింతురనియు, దానివలన పెద్ద యనర్థము కలుగుననియు హెచ్చరించెను.

అరణ్యపర్వమున ద్రౌపది సత్యభామతో చెప్పిన మాటలు మన స్త్రీలకు మఱింత దగ్గఱివి. భర్తలు వశమగుటకు మందో మంత్రమో చెప్పుమని సత్యభామ యడుగగా, మందులు లేవని త్రోసివేసి, ద్రౌపది తాను చేసిన పనిని వివరించును. ధర్మరాజు నగరున లక్షమంది దాసీజన ముండిరనియు, వారి పేర్లు, రూపములు, అన్నవస్త్రములు, చేసిన పనులు, చేయక విడిచిన పనులు తనకు తెలిసి యుండెననియు ఆమె చెప్పును. లక్షమంది యనుట కవులు పెద్దగా చెప్పు లెక్క కావచ్చును. మన సోదరికి పదునొకండుగురే యున్నారు. వారిలో ఎవరి బిడ్డకు జ్వరము వచ్చినది, ఎవరి కన్ను సాయంకాలమునకు మసకబాఱుచున్నది, కాజాలు కుట్టుటలో ఎవరి చేయి మెఱుగు, కత్తిరింపు నేర్చుకొనవలెనని యెవరికి కోరిక గలదు, ఇవి యెఱుగుట యసాధ్యము కాదు గదా.

మన కాలపు టుదాహరణము కావలెనన్నచో బొంబాయి నగరమునకు పోవుదము. 1959 మార్చి 15వ తేదీన గిర్గాం పేటలో ఏడుగురు గుజరాతీ గృహిణులు తమ మేడపైన కూర్చుండి అప్పడములు ఒత్తిరి. పెట్టుబడి 80 రూపాయలు, అదియు అప్పు తెచ్చినది. ఆనాడు తయారైనవి నాలుగు పొట్లములు. నేడు మనము దుకాణములలో చూచు లిజ్జత్ అప్పడములకు అదియే పుట్టుక. నలుబది వేలకు పైగా స్త్రీలు నేడు ఆ సంస్థలో పని చేయుచున్నారు. మొదటి యేడుగురిలో నొకరైన జస్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ పురస్కారము లభించినది.

ఆ సంస్థ పెరిగిన విధమును పరిశీలించినచో మన ప్రశ్నకు సమాధానము కొంత దొరకును. అందు పనిచేయు ప్రతి స్త్రీయు కూలిది గాక భాగస్వామి. లాభము వచ్చినను నష్టము వచ్చినను పంచుకొనవలసినదే. ఒకరినొకరు 'బెన్', అనగా సోదరి, అని పిలుచుకొందురు. కాని యా పిలుపు వట్టి తీపిమాట కాకుండుటకు కారణము దాని వెనుక వాటా యుండుటయే. తడిపిండి కేంద్రమున సిద్ధమగును. సోదరీమణులు దానిని ఇంటికి గొనిపోయి, పిల్లలను చూచుకొనుచునే ఒత్తి, ఎండబెట్టి, మఱునాడు తెత్తురు. అచ్చట తూచి, నాణ్యము చూచి, కూలి యిత్తురు.

ఆదిలో వారికిని కష్టములు కలిగినవి. మొదటి యేడు వానలకు అప్పడములు ఎండక నాలుగు నెలలు పని నిలిచినది. మఱుసటి యేడు ఒక మంచమును ఒక పొయ్యిని కొని, మంచముపై అప్పడములు పఱచి, క్రింద పొయ్యి వెలిగించి, ఆ చిక్కును దాటిరి. వేఱొక సంగతియు నున్నది. తొలుత వారు రెండు రకముల అప్పడములు చేసి, నాసిరకమును తక్కువ వెలకు అమ్మదలచిరి. వారికి హితవు చెప్పుచుండిన ఛగన్‌లాల్ పారేఖ్ గారు అట్లు చేయవలదనియు, ఒకే మేలురకము చేసి నాణ్యమును ఎన్నడును తగ్గింపవలదనియు, లెక్కలు సరిగా నుంచవలెననియు చెప్పిరట. ఇది వ్యాపారపు మాటగా కనబడును గాని, మనసునకు సంబంధించిన మాట కూడను. తన చేతి వస్తువు నాసిదని తెలిసి చేయువారికి దానిపై గౌరవ మెట్లు పుట్టును? 'ఇది మేము చేసినది' అని చెప్పుకొనదగిన పనిని చేతికిచ్చుట నాయకురాలి మొదటి ధర్మము.

ఇక నొక విదేశపు కథ. అమెరికాలో చికాగో నగరము చెంత హాథార్న్ అను చోట టెలిఫోను సామగ్రి చేయు పెద్ద కర్మాగార ముండెడిది. అచ్చట 1927 నుండి 1932 వఱకు ఒక పరిశోధన జరిగినది. టెలిఫోను భాగములు కూర్చు ఐదుగురు యువతులను, వారికి సామగ్రి యందించు నొక యువతిని ప్రత్యేకమైన గదిలో నుంచి, విరామము లిచ్చియు, ఫలాహార మిచ్చియు, పనిగంటలు తగ్గించియు చూచిరి. పని పెరిగినది. కొంతకాలమునకు ఆ సౌకర్యములు తీసివేసిరి. అయినను ఉత్పత్తి మునుపటికంటె హెచ్చుగనే యుండెను. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఎల్టన్ మేయో మొదలగువారు, ఆ యువతులను సంప్రదించుట, వారి మాట వినుట, వారు ఒక జట్టుగా కూడుట ఇందుకు ముఖ్యకారణములని చెప్పిరి. ఈ కథను నేటికిని నిర్వహణశాస్త్రము చదువు విద్యార్థులకు బోధింతురు.

కాని కథలో సగమే చెప్పుట న్యాయము కాదు. ఆ గదిలో కూలి లెక్కించు పద్ధతి గూడ మారినది. పెద్ద విభాగపు లెక్కలో కలిపివేయక, ఆ చిన్న జట్టు చేసిన పనినిబట్టియే వారికి కూలి కట్టిరి. మఱియు పని నడుమ మాటలాడుచున్నారనియు సహకరించుట లేదనియు ఇద్దఱు యువతులను 1928లో తొలగించి, వేఱిద్దఱిని చేర్చిరి. కావున ఆదరణముచేతనే పని పెరిగినదని నమ్మరాదని తరువాతి పండితులు వాదించిరి. నాకు ఇరువురి మాటయు గ్రాహ్యమే. వినుట అవసరము, కూలియు అవసరము. ఒకదాని స్థానమున రెండవదానిని పెట్టరాదు.

ఇందుచేతనే ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. "మనమందఱమును ఒక కుటుంబము" అను మాట నేడు పనిచోట్ల మిక్కిలి వినబడుచున్నది. మంచి మాటయే. కాని సెలవు అడిగినప్పుడును, కూలి పెంచుమన్నప్పుడును ఆ మాటను అడ్డము పెట్టువారున్నారు. లాభము పంచుకొనునప్పుడు పరాయివారును, భారము మోయునప్పుడు బంధువులును అయినచో, ఆ బంధుత్వము ఎవరికి రుచించును?

ఇక నా తప్పు చెప్పుకొందును. నాలుగేండ్ల క్రిందట మా వీధిలోని తొమ్మండుగురము కలసి మినప అప్పడములు చేసి అమ్మసాగితిమి. లెక్కలు వ్రాయుట, సరకు కొనుట నా వంతు. మాలో నొక పెద్దావిడ యుండెడిది. ఆమెను నేను 'పిన్నిగారూ' అని పిలుతును. ఆమె చేయి పడిన అప్పడము చంద్రబింబమువలె నుండెడిది. ఒకనాడు ఆమె ఒత్తిన అప్పడములన్నియు అంచులు చీలినవి. ఆ సాయంకాలమే పెండ్లివారికి సరకు పంపవలసి యుండుటచే నేను తొందరలో నుండి, అందఱి యెదుటను, "పిన్నిగారూ, ఇవాళ మీ మనసెక్కడ పెట్టినారు? ఒక్కటైనా పనికివచ్చేలా లేదు" అంటిని. ఆమె యేమియు అనలేదు. చేతులు కడిగికొని, చెంగుతో తుడుచుకొని, వెడలిపోయినది.

మఱునాడు ఆమె రాలేదు. మఱి యిద్దఱు గూడ రాలేదు. మూడవనాడు ఆమె పనికి నేను కూర్చుంటిని. నా చేతిక్రిందను అంచులు చీలినవి. అప్పుడు పిండిసంచి విప్పి వాసన చూచితిని. పిండి పాతది. కిలోకు కొన్ని రూపాయలు మిగులునని నేనే తక్కువ వెలకు కొంటిని. ఆ పిండికి జిగురు లేదు. జిగురు లేని పిండి యెవరి చేతిలోనైనను చీలును.

ఆ సాయంకాలమే పిన్నిగారి యింటికి పోతిని. "పిన్నిగారూ, తప్పు పిండిది. కొన్నదాన్ని నేను" అంటిని.

"తెలుసమ్మాయీ. కలిపేటప్పుడే తెలిసింది" అని యామె బియ్యము ఏరుచునే చెప్పినది.

"మరి నాకు చెప్పలేదేం?"

"పోయిన నెల ఒకసారి చెప్పబోయాను గదా. 'సరకు సంగతి నేను చూస్తాను, మీరు ఒత్తడం చూడండి' అన్నావు."

నాకు ఆ మాట అన్నట్లు జ్ఞాపకమే లేదు. ఆమెకు అక్షరము పొల్లుపోక జ్ఞాపకమున్నది. తప్పు చెప్పు నోటిని నేనే మూసి, మనసు పెట్టలేదని నేనే నిందించితిని!

మఱునాడు తక్కినవారి యెదుట నా తప్పు ఒప్పుకొంటిని. నింద నలుగురి యెదుట చేసినప్పుడు క్షమాపణము నాలుగు గోడల నడుమ చెప్పుట న్యాయము కాదు. ఎనిమిది దినములకు పిన్నిగారు తిరిగి వచ్చినది. కాని వచ్చినది ఆమె చేయి మాత్రమే. నాటినుండి సరకు కొనుటకు ముందు పిడికెడు పిండి తెచ్చి ఆమె చేతిలో పెట్టుచుంటిని. ఆమె వ్రేళ్లతో నలిపి, "నీ యిష్టం అమ్మాయీ" అనెడిది. ఒక నెల గడచినది, రెండు నెలలు, మూడు నెలలు గడచినవి. నేనడుగుట మానలేదు. ఐదవ నెలలో ఒక ఉదయము, నేనడుగకమునుపే, సంచిలో చేయి పెట్టి చూచి, "ఇది వద్దు, తిరిగి పంపెయ్యి" అనినది. నేను కొన్న పిండిని అందఱి యెదుట కాదన్నది. ఆ రోజున నాకు కలిగిన సంతోషము ఏ పండుగనాడును కలుగలేదు. పిన్నిగారి మనసు ఆనాడు తిరిగి పనికి వచ్చినది.

ఒక్క మాటతో మూసికొన్న నోరు తెఱచుకొనుటకు ఐదు నెలలు పట్టినది. ఆ లేఖ వ్రాసిన సోదరికి నేను చెప్పదలచిన దానికి మూలమిదియే. ఇక ఆచరణకు కొన్ని సూచనలు వ్రాయుచున్నాను.

కూలి యిచ్చు దినము నిర్ణయించి, ఆ దినము దాటనీయకుము. సొమ్ము ఆలస్యమగునని తెలిసినచో నీవే ముందుగా చెప్పుము, కారణమును దాచకుము. నెలకొకసారి అందఱిని కూర్చుండబెట్టి జమాఖర్చులు చదివి వినిపింపుము. గుడ్డకెంత, దారమునకెంత, బ్యాంకు వాయిదాకెంత పోయినదో, మిగిలినదెంతయో తెలిసినవారు వృథాను తామే అరికట్టుదురు. వీలున్నచో మిగులులో వారికొక భాగము ఏర్పఱుపుము.

కుట్టిన దుస్తులు బడికి చేర్చునప్పుడు నీవొక్కతెవే పోక, ప్రతిసారి ఒకరిని వెంట గొనిపొమ్ము. తాను కుట్టిన చొక్కా తొడిగికొని వరుసలో నిలుచున్న పసివానిని చూచిన తల్లి, మఱునాడు బొత్తాము వదులుగా కుట్టుటకు చేయి రాక దిద్దుకొనును. విసుగు పుట్టించు పని ఎప్పుడును ఒకరి నెత్తిననే వేయక, వంతులు పెట్టుము. ఆ వంతులలో నీ పేరు గూడ నుండనిమ్ము.

మెప్పు నలుగురిలో చెప్పుము, తప్పు చెంతకు పిలిచి చెప్పుము. చెప్పుటకు ముందు దారము మంచిదేనా, మిషను సరిగా నున్నదా, కొలత సరిగా నిచ్చితినా యని నిన్ను నీవడిగికొనుము. తప్పుచోట పడిన కాజాను చూపించినవారితో "ఇన్నాళ్లు ఏం చేస్తున్నావు?" అనకుము, "మంచి వేళకు చెప్పినావు" అనుము. వారు చెప్పినది స్వీకరింపలేనప్పుడు, ఎందుచేత వలను పడదో వివరింపుము. వినకపోవుట వేఱు, విని కాదనుట వేఱు. రెండవదానిని మనుష్యులు సహింతురు.

ఇంత చేసినను పదునొకండుగురిలో ఒకరిద్దఱు చేతులు మాత్రమే తెత్తురు. ఇంటి బాధలు మనసునంతను తినివేసినవారు వారిలో నుందురు. వేళకు వచ్చి, చెప్పిన పని చక్కగా చేసి పోవువారిని ద్రోహులుగా చూడరాదు. కూలికి తగిన పనియు గౌరవప్రదమే. మనసు కొని తెచ్చుకొనదగిన వస్తువు కాదు, అది తానై రావలెను.

ఆ సోదరీ, ఒక నెల దినములు ఒక్క పని చేసి చూడుము. ప్రతి దినము సాయంకాలము మిషనులపై గుడ్డ కప్పునప్పుడు, "ఇవాళ నా వలన మీ పనికి అడ్డేమైనా వచ్చిందా?" అని యడుగుము. మొదటి దినము ఎవరును పలుకరు. రెండవ వారమును పలుకకపోవచ్చును. అడుగుట మానకుము. ఎవరైన నీ కత్తిరింపులో తప్పు చూపిన దినమున నాకు ఉత్తరము వ్రాయుము. ఆ శుభవార్తకై ఎదురుచూచుచుందును.